తడిగుడ్డ

మైపాడు సముద్రం చూపిస్తానని
మాటిచ్చినాను నగీనాకు.
ఫ్యాక్టరీలో మూడు రోజులు సెలవడిగితే
రెండే ఇచ్చినారు, అదీ గొణుగుతా.
ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు దాకా,
జేబు పోనిచ్చింది అంతవరకే.

"ఆడ పెద్ద పెద్ద మిద్దెలుంటాయి పాపా,
బంగారం అంగళ్లోళ్లు కట్టినవి"
అని మాబున్ని సర్దిచెప్పింది.
పాప విన్నది. విని,
ఇసుక కోసం కొన్న ఎర్ర బకెట్టు మాత్రం
సంచిలోంచి తియ్యలేదు.

శనివారం.
మొదటి మిద్దె కింద బ్యాంకు.
పైన వరండాకు ఇనుప పూల కటకటాలు,
వాటి మీద ఆరేసిన ఎవరిదో ఖాకీ చొక్కా.
"అకౌంటుందా?" అన్నాడు వాచ్‌మన్.
లేదన్నాం.
మెట్ల దాకానే చూసినాం.

రెండోదానికి తాళం, తాళం మీద లక్క ముద్ర.
పదకొండు మంది వారసులంట,
ఇరవై రెండేళ్లుగా కోర్టంట,
లెక్క చెప్తా చెప్తానే
గోలీ నొక్కినాడు సోడా బండాయన.
తలుపు సందులోంచి చూస్తే
దూలానికి వేలాడే పాత త్రాసు.
ఒక పళ్లెం బాగా కిందికి దిగింది.
అందులో పావురాల రెట్ట తప్ప ఏమీ లేదు.

రాత్రి వదినె ఇంట్లో ఉగ్గాని తింటా
నగీనా అడిగింది:
"నాయనా, సముద్రం ఈడికెంత దూరం?"
నేను మిరపకాయ బజ్జీ కొరుక్కున్నాను.

ఆదివారం మూడో మిద్దె.
చూసుకునేది ఓబుళమ్మ ఒక్కతే.
"చెప్పులు బయటిడిసి రాండి" అనింది, అంతే.

ముందు హాల్లో ఎవరైనా తలెత్తుతారు,
టేకు స్తంభాలు, రంగుటద్దాలు, అద్దాల్లోంచి
గోడ మీద పడే ఆకుపచ్చ ఎండ.
నేను తల దించుతాను. నా జబ్బది.
జమ్మలమడుగు బండ, నున్నగా, నల్లగా,
గోరు పెడితే అతుకు దొరకదు.
ఎవడో మొగోడే పరిచినాడు.

వెనక వంటింట్లో అట్లా కాదు.
ఓబుళమ్మ వంగి తుడుస్తాంది.
తడిగుడ్డ పోయిన కాడల్లా
బూడిద రంగు బండ ముదురుతాంది,
ముదిరిన కాడల్లా గీతలు లేస్తాన్నాయి,
ఒకదాని వెనక ఒకటి,
గాలి తోలిన మర్నాడు పెన్న ఇసకలో మాదిరి.

"వంకర బండలు సామీ. ముందింటికి పనికిరావని
ఈడేసినారంట. మా అవ్వ
వీటి మీద కూచోనే రాగులిసిరింది.
కాలు జారదు. మంచివి."

ఒకసారి గని కాడికి
కాలేజీ పిల్లల్ని తోలుకొని ఒక సారొచ్చినాడు.
ఇట్లాంటి గీతల మీద చెయ్యి పెట్టి
"ఇది సముద్రం అడుగు. ఇవి అలల గుర్తులు" అన్నాడు.
కడపలో సముద్రమా అని
కూలోళ్లమంతా నవ్వినాం.
"మరి చేపలేవి సార్?" అన్నాడు మా కుళ్లాయప్ప.
"చేపలప్పటికింకా పుట్టలేదు" అన్నాడాయన.

పన్నెండేళ్లుగా నా పని
ఆ గీతలు పోయేదాకా రుద్దడం.
గీత మిగిలితే సెకండ్ క్వాలిటీ,
అడుక్కు నాలుగు రూపాయలు కోత.

నగీనాకు చెప్పినాను, సారు చెప్పినట్టే.
నమ్మిందో లేదో.
ఒట్టి కాళ్లతో పోయి గీతల మీద నిలబడింది.
వేళ్లు ముడుచుకుంది, చాపింది.
"అవ్వా, బకెట్టు నీళ్లు పొయ్యనా?"
"తుడిచేది నువ్వేనా?"
"ఊఁ."

పోసింది.
గీత గీతకూ మధ్య నీళ్లు ఆగినాయి,
కొంచెం వణికినాయి.
మాబున్ని చీర ఎత్తి పట్టుకుని
పక్కకు జరిగి, మళ్లీ
జరిగిన కాడికే వచ్చింది.
పాప రెండో బకెట్టుకు పోయింది.

సోమవారం.
మిషను కిందికి మొదటి బండ వచ్చింది.
నీళ్లు వదిలినాను. గీతలు లేచినాయి.
వెనక సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు.
మిషను దించినాను.

తెల్లటి నురగ
నా కాళ్ల దాకా వచ్చింది.
వెనక్కి పోలేదు.